గీత మీద పడిన బంతి

క్రీడలో నియమం వేరు, మర్యాద వేరు. నియమభంగాన్ని అంపైరు పట్టుకోగలడు. మర్యాదాభంగాన్ని పట్టుకోవటం అతనికీ కష్టమే. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మహిళల బ్యాడ్మింటన్ డబుల్స్ ఇందుకు తార్కాణం. తరువాతి దశలో అనుకూలమైన ప్రత్యర్థి కోసం కావాలని ఓడజూచిన నాలుగు జంటలను పోటీ నుండి బహిష్కరించారు. హైదరాబాదులో ఆరిఫ్ సాబ్ వద్ద ఆట నేర్చిన గుత్తా జ్వాల, అశ్విని పొన్నప్పతో కలిసి గ్రూపులో రెండు ఆటలు గెలిచి కూడా పాయింట్ల లెక్కలో వెనుకబడి ఆ పోటీ నుండే నిష్క్రమించింది. తమ గ్రూపులోని వేరొక ఆటపై మనవారు చేసిన ఫిర్యాదు నిలువలేదు. ఆ ఆటలో ఎవరి మనసులో ఏమున్నదో మనం చెప్పజాలము.

ఇంతమంది అధికారులున్న ఆటలోనే ఇట్లా ఉంటే, గీత దగ్గర ఆటగాడే తీర్పరి అయిన ఆట సంగతి ఏమిటి? అదే పికిల్‌బాల్. 1965లో అమెరికాలోని బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపంలో, ఒక ఇంటి బ్యాడ్మింటన్ కోర్టు మీదనే ఇది పుట్టింది. అందుకే కోర్టు కొలత నేటికీ బ్యాడ్మింటన్ డబుల్స్ కొలతే: పొడవు 44 అడుగులు, వెడల్పు 20. నెట్ మాత్రం నడుమ 34 అంగుళాలే.

సర్వీసు చేయిని క్రింది నుండి పైకి ఊపుతూ, ఎదుటి కోర్టులోకి ఐమూలగా వేయాలి. ఆ బంతి అవతల ఒకసారి, తిరిగివచ్చి ఇవతల ఒకసారి నేల తాకిన పిదపనే గాలిలోని బంతిని కొట్టే అవకాశం. నెట్‌కు ఇరువైపుల 7 అడుగుల మేర నిలిచి అట్లా కొట్టరాదు. కొట్టిన ఊపులో ఆ మేరలోకి అడుగు పడినా తప్పే. ఆ చోటును ఆటగాళ్లు 'కిచెన్' అంటారు. వంటగదిలో దూకుడు పనికిరాదని మా విద్యార్థినులు వెంటనే గ్రహించారు!

అసలు విషయం గీతలు. లైన్ జడ్జీలు లేనప్పుడు నీ వైపు పడిన బంతిని నీవే నిర్ణయించాలి. గీతకు, బంతికి నడుమ ఖాళీ స్పష్టంగా కనిపిస్తేనే 'ఔట్' అనాలి. సందేహమంటూ ఉంటే అది ప్రత్యర్థికే చెందుతుంది. జంటలో ఒకరు 'ఔట్' అని, మరొకరు 'లోపలే' అంటే బంతి లోపలిదే. ప్రేక్షకులను అడుగరాదు. తన లాభానికి ఎదురుగా తానే సాక్ష్యం చెప్పమంటున్నది ఈ నియమం. ఉర్దూ విభాగపు మిత్రులు దీనిని 'ఇన్సాఫ్' అంటారు. మేమైతే క్రీడాశాస్త్రంలో ఇంత కఠినమైన పాఠం మరొకటి చూడలేదు.

ఆలేరులోని మా మైదానంలో సున్నపు గీతలు రెండు ఆటలకే చెరిగిపోతాయి. ఒక అంతర్‌తరగతి పోటీలో బంతి అట్టి గీత దగ్గర పడింది. ఒక విద్యార్థి 'ఔట్' అన్నాడు. అతని జంట ఆటగాడు మెల్లగా 'లోపలే' అన్నాడు. చుట్టూ చేరినవారి కేకలకు లోబడి, స్కోరు వ్రాస్తున్న మేము మొదటివాని మాటనే అంగీకరించాము. నియమం ప్రకారం పాయింటు అవతలివారిది. మరునాడు రెండవ విద్యార్థిని పిలిచి మా తప్పు ఒప్పుకొన్నాము. అతడు నవ్వి, బంతి పడిన చోటు ఇప్పటికీ చూపగలనన్నాడు.