పెన్‌డ్రైవ్‌లో మాయమైన ఫైళ్ళు: లినక్స్‌తో వెదికి తీయడం

దరఖాస్తు గడువుకు రెండు రోజుల ముందు మా అమ్మాయి మార్కుల జాబితాలు, ఆదాయ ధృవీకరణ పత్రం బయట స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. ఇంట్లో తెరిచి చూస్తే ఫోల్డర్లు లేవు. వాటి పేర్లతో షార్ట్‌కట్‌లు మాత్రం ఉన్నాయి. "నాన్నా, అన్నీ పోయాయి" అని కూర్చుంది. చూస్తే డ్రైవ్‌లో నిండిన జాగా నిండినట్టే ఉంది. అంటే ఫైళ్ళు పోలేదు, దాక్కున్నాయి. ఇటువంటప్పుడు కంగారుపడి ఫార్మాట్ చేయకండి. విండోస్‌లో ఆ షార్ట్‌కట్‌లను నొక్కకండి, నొక్కితే ముందు వైరస్ నడుస్తుంది.

అసలు జరిగింది ఇదీ. ఫ్యాట్ పద్ధతి డ్రైవ్‌లో ప్రతి ఫైలుకూ 32 బైట్ల నమోదు ఉంటుంది. అందులో ఒక బైటు లక్షణాలది. రీడ్-ఓన్లీకి 1, హిడెన్‌కు 2, సిస్టమ్‌కు 4, ఫోల్డరుకు 16, ఆర్కైవ్‌కు 32. మామూలు ఫోల్డరు విలువ 16. వైరస్ దానికి 2, 4 కలిపి 22 చేస్తుంది. విండోస్ ఆ రెండింటినీ చూసి ఫోల్డరును చూపదు. లినక్స్‌లో ఫైలు పేరు చుక్కతో మొదలైతేనే దాగినట్టు లెక్క. కనుక ఈ ఫోల్డర్లు అక్కడ మామూలుగా కనిపిస్తాయి.

లినక్స్‌లో వాటిని మీ హోమ్ ఫోల్డరుకు కాపీ చేయండి (కట్ వద్దు). తెరిచి సరిచూశాక డ్రైవ్‌లోని పాతవాటినీ, షార్ట్‌కట్‌లనూ తీసేసి తిరిగి కాపీ చేయండి. లినక్స్ ఫైల్ సిస్టమ్‌లో ఆ హిడెన్ గుర్తుకు చోటు లేదు కాబట్టి కొత్త ప్రతులు శుభ్రంగా వస్తాయి. టెర్మినల్ అలవాటున్నవారు ఫ్యాట్ఆట్ర్ అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఉన్నచోటనే గుర్తులు తీసేయవచ్చు.

చాలామంది ఇక్కడ సీహెచ్‌మోడ్ 777 కొట్టి, ఏమీ మారలేదని విసుక్కుంటారు. ఫ్యాట్‌లో యజమాని, గ్రూపు అన్న సంగతే లేదు. లినక్స్ చూపే అనుమతులు మౌంట్ చేసినప్పుడు యూఐడీ, జీఐడీ, యూమాస్క్‌లతో తగిలించినవి. మార్చాలంటే డ్రైవ్‌ను అన్‌మౌంట్ చేసి, కొత్త విలువలతో మళ్ళీ మౌంట్ చేయాలి. సీహెచ్‌మోడ్ ఇక్కడ చేయగలిగేది రీడ్-ఓన్లీ గుర్తును వేయడం, తీయడం మాత్రమే.

కంప్యూటర్ హార్డ్ డిస్కు కథ వేరు. అక్కడ 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్ ఉంటుంది. ఎవరు చదవాలి, ఎవరు రాయాలి అన్న జాబితా ప్రతి ఫైలుకూ ఉంటుంది. అయినా లినక్స్‌లో సాధారణంగా మౌంట్ చేస్తే ఆ జాబితా అడ్డురాదు. అన్నదమ్ములు ఒకే కంప్యూటర్ వాడే ఇళ్ళలో ఇది గుర్తుంచుకోవాలి: పాస్‌వర్డ్ పెట్టినంత మాత్రాన ఫైళ్ళు భద్రం కావు, ఎన్‌క్రిప్షన్ ఉండాలి.

డిస్కు చదవడానికి మాత్రమే తెరుచుకుంటే, విండోస్ ఫాస్ట్ స్టార్టప్ కారణం కావచ్చు. విండోస్‌లోకి వెళ్ళి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసి, అప్పుడు లినక్స్ తెరవండి.