వాడాలో మెషీన్ పెట్టేముందు

చెల్లెమ్మా, మీ తమ్ముడు మెటల్ డిటెక్టర్ కొన్నాడనీ, రాందేర్‌లో తాళం వేసి ఉన్న పాత ఇళ్ల వాడాల్లో, అంటే పెరళ్లలో, వెతుకుతానంటున్నాడనీ రాశావు. అతని సరదాను నేను కాదనను. తాపీ ఒడ్డున ఉన్న మన సూరత్‌లో మట్టి కింద ఏమీ లేదని ఎవరంటారు? 1664లో ఒకసారి, 1670లో మరోసారి శివాజీ దండు వచ్చినప్పుడు ఊరు ఊరే కకావికలైంది. 1837 అగ్నిప్రమాదంలో ఎన్ని వీధులు బూడిదయ్యాయో! ప్రాణం పట్టుకుని పరుగెత్తేవాడు సొమ్ము నేలలో దాచడా మరి?

కానీ ఆ సొమ్ముకు ఇంటివాళ్లున్నారు. బిలిమోరా సంగతి చెప్తాను విను. మన సూరత్‌కు దక్షిణాన, నవ్‌సారీ జిల్లాలో ఉంది ఆ ఊరు. అక్కడ ఒక పాత ఇల్లు కూలుస్తుంటే పనివాళ్ల చేతికి ఐదో జార్జి కాలపు బంగారు నాణేలు తగిలాయి. యజమాని ఉండేది ఇంగ్లండులో. ఆయనకు ఒక్క ఫోను చేసినవాళ్లు లేరు. చివరికి పోలీసులు 199 నాణేలు స్వాధీనం చేసుకున్నారు. కాంట్రాక్టరు, కూలీలు అరెస్టయ్యారు. రెక్కల కష్టం మీద బతికేవాళ్లు జైలుపాలయ్యారే అని నాకు చాలా బాధేసింది.

చట్టం చూస్తే వెతికేవాడికి అన్యాయమేమీ చేయదు. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువైనది మట్టిలో దొరికితే కలెక్టరుకు రాసి తెలపాలి. దాచినవాళ్ల వారసులెవరూ లేరని తేలితే, దొరికించుకున్నవాడికి మూడొంతులు, స్థలం యజమానికి ఒక వంతు. అయితే ఇద్దరూ ముందే ఒప్పందం రాసుకుని ఉంటే పంపకం దాని ప్రకారమే. అందుకే మెషీన్ ఆన్ చేయకముందే కాగితం రాసుకోమంటున్నాను. దాచిపెడితే వాటా పోవడమే కాదు, ఏడాది దాకా జైలు. తెలిసీ సహకరించిన యజమానికైతే ఆరు నెలల దాకా.

ఇక అనుమతి అడగడం గురించి. తలుపు తీసిన మనిషే యజమాని అనుకోకూడదు. అద్దెకున్నవాళ్లు కావచ్చు, కాపలాదారు కావచ్చు. గోపీపురాలోని పాత చెక్కల ఇంటికి నలుగురైదుగురు అన్నదమ్ములు హక్కుదారులై ఉండొచ్చు, వాళ్లలో ఒకరు ముంబైలో, మరొకరు విదేశంలో. అందరూ ఒప్పుకోవాలి. పగటిపూట, అన్నం వేళ కాకుండా వెళ్లమను. వాడు ఒంటరిగా వెళ్తే ఇంట్లో ఆడవాళ్లు జంకుతారు, నువ్వూ తోడు వెళ్లు. పెద్దావిడ కనిపిస్తే నమస్కారం పెట్టి, "బా, తమారా వాడామా మశీన్ ఫేరవుం?" (అమ్మా, మీ పెరట్లో మెషీన్ తిప్పనా?) అని సూటిగా అడగండి. ఎంత లోతు తవ్వుతారో, ఎక్కడ తవ్వరో చెప్పండి. ఆ ఇళ్లలో నేల కింద వాననీటి టాంకా ఉంటుంది, దాని జోలికి పోవద్దు.

ఇంటివాళ్ల అసలు భయం వేరే. ఏదైనా బయటపడితే సర్కారు ఇల్లే లాక్కుంటుందేమోనని! ఈ చట్టంలో ఇల్లు లాక్కోవడం లేదు. ఆ నిధి కావాలనుకుంటే కలెక్టరు దాని లోహం విలువకు ఐదో వంతు కలిపి చెల్లించి తీసుకుంటాడు. ఈ మాట నిదానంగా, గుజరాతీలో చెప్పగలిగినవాళ్లను వెంట తీసుకెళ్లండి. కతార్‌గామ్‌లోని డచ్చి, ఇంగ్లీషు సమాధుల వైపు మాత్రం మెషీన్ తీసుకెళ్లనివ్వకు. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి, పక్కింటివాళ్లు సరేనన్నా చెల్లదు.

"నా, భాయ్" (వద్దు బాబూ) అన్నారా, మళ్లీ బతిమాలొద్దు, వచ్చేయండి. సరేనంటే, తవ్విన గుంటలు ఆ సాయంత్రమే పూడ్చి, తుప్పు మేకులతో సహా దొరికినదంతా వాళ్ల ముందే పరిచి చూపించమను.