మగ్గంలో కూర్చున్న సాధకుడికి

హిందూపురం



నీ ఉత్తరం అందింది నాయనా. గీత, ఉపనిషత్తులు, బుద్ధుడి ప్రసంగాలు చదువుతున్నానని, ఫోన్లో ప్రవచనాలు కూడా వింటున్నానని రాశావు. తీరా మగ్గంలో కూర్చున్నాక వాటిలో ఒక్కటీ అక్కరకు రావడం లేదని, సాధనకు విడిగా గంట దొరకడం లేదని వాపోయావు. ఆ గంట కోసం వెతకడం మానెయ్. అర్జునుడు గీత విన్నది యుద్ధభూమిలో, చెయ్యాల్సిన పని ఎదురుగా నిలబడి ఉండగా. నీకు ధర్మవరంలో మగ్గం ఉంది, షావుకారు ఉన్నాడు, పక్కింటివాళ్లున్నారు. చదివినదాన్ని అక్కడే పెట్టి చూడు.

ముందు గీత సంగతి. 700 శ్లోకాల్లో అందరి నోటా నలిగిన మాట, ఫలం మీద ఆశ పెట్టుకోకుండా పనిచెయ్యమన్నది. దాన్ని కూలి అడగొద్దన్నట్టు చెప్పేవాళ్లు తగులుతారు. అది షావుకారుకు లాభించే వేదాంతం. కూలి మాట్లాడాల్సిన చోట గట్టిగానే మాట్లాడు, లెక్క రాసుకో. కానీ నాడె ఆడుతున్నంతసేపూ మనసును చీర ధర దగ్గర కాపలా పెట్టకు. అక్కడ నీ చేతిలో ఉన్నవి పోగు, అంచు, జరీ. ధర గురించి ఎంత కుమిలినా అది పెరగదు, పోగు మాత్రం తెగుతుంది. కర్మయోగంలో మొదటి పాఠం ఇంతే.

రెండోది పతంజలి యోగసూత్రాల్లోది. యోగమంటే ఆసనాలేనని నీ ఈడువాళ్లు అనుకుంటారు. ఆ పుస్తకంలో ఆసనాల గురించి ఉన్నది రెండు మూడు సూత్రాలే. మొదటి పాదం 33వ సూత్రం మాత్రం నీకు రోజూ పనికొస్తుంది. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, కష్టంలో ఉన్నవాళ్లపై కరుణ, మంచి చేసేవాళ్లను చూసి ముదిత అంటే సంతోషం, చెడ్డవాళ్ల పట్ల ఉపేక్ష. ఇలా ఉంటే మనసు తేటపడుతుందంటాడాయన. పక్కింటి మగ్గం మీది చీరకు మీకంటే ఎక్కువ ధర పలికినరోజు నీ కడుపులో ఏం కదులుతుందో గమనించు. మైత్రి అభ్యాసానికి అంతకన్నా మంచి రోజు రాదు. మరి ఉపేక్షంటే చెడును వెనకేసుకురావడం కాదు. చెడ్డవాడి మీద పగను రాత్రి పడకదాకా మోసుకెళ్లకపోవడం.

బుద్ధుడి సతిపట్ఠాన సుత్తంలో శ్వాసను గమనించడంతోపాటు నడవడం, తినడం, చెయ్యి ముడవడం, చాచడం, మాట్లాడటం, మౌనంగా ఉండటం అన్నీ ఎరుకతో చెయ్యాలని ఉంది. రైల్లో పెనుకొండ మీదుగా నా దగ్గరికి వచ్చేటప్పుడు ఒక స్టేషన్ నుంచి మరో స్టేషన్ దాకా ఫోన్ జేబులో పెట్టి ఊపిరి చూసుకో. మనసు పదిసార్లు పారిపోతే పదిసార్లు వెనక్కి తీసుకురా. అలా తీసుకురావడమే అభ్యాసం.

ధ్యానంలో వెలుగులు కనబడతాయా అని కూడా అడిగావు. లేపాక్షికి వచ్చేవాళ్లలో చాలామంది నేరుగా వేలాడే స్తంభం దగ్గరికెళ్లి, కింద గుడ్డ దూర్చి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. అచ్యుతదేవరాయల కాలపు చిత్రాలు తలమీద పైకప్పునిండా ఉన్నా తలెత్తరు. వింతకోసం వెళ్లినవాడికి వింత ఒక్కటే దక్కుతుంది. సిద్ధుల గురించి, అంటే యోగంతో వచ్చే వింత శక్తుల గురించి, ఒక పాదమంతా రాసిన పతంజలే అవి సమాధికి అడ్డమని అందులోనే హెచ్చరించాడు.

ఇక నీ అసలు ప్రశ్న. అహింస చదివి పట్టు ఎలా నెయ్యాలన్నావు. దీన్ని దాటెయ్యకూడదు. మా హిందూపురం మార్కెట్‌కు వచ్చే పట్టుగూళ్లలో ప్రాణమున్న పురుగుంటుంది. అది రెక్కలొచ్చి గూడు తొలుచుకుని బయటపడితే పోగు ముక్కలవుతుంది కాబట్టి ముందే వేడితో చంపేస్తారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో, కోట గుళ్లకూ బాబయ్య దర్గాకూ దగ్గర్లోనే పార్శ్వనాథుడి బసది ఉంది. ఒకసారి వెళ్లిరా. జైనులు ఈ చిక్కుముడి గురించి మనకంటే చాలా ముందు, చాలా లోతుగా ఆలోచించారు. సన్యాసికి మహావ్రతాలు పెట్టి, సంసారికి అణువ్రతాలు పెట్టారు. కావాలని చేసే హింసను సంసారి పూర్తిగా వదలాలి. వంటలో, వృత్తిలో తప్పనిదాన్ని వీలైనంత తగ్గించుకుంటూ పోవాలి. అలాగని ఈ విభజనను పట్టుకుని పట్టు పాపం కాదని తీర్పు చెప్పుకోకు, పట్టు కట్టని జైనులు ఎందరో ఉన్నారు.

నాకు తోచింది చెబుతా. మన బతుకు ఆ పురుగు మీద నిలబడిందన్న సంగతి మరవకు. పోగు వృథా చెయ్యకు. నూలు చీరల నేత కూడా నేర్చుకుని పెట్టుకో, ఎప్పుడైనా మనసు అటు మళ్లితే దారుంటుంది. పురుగు కోసం బాధపడేవాడు కండెలు చుట్టే మనిషిని కసరకూడదు. నీ అహింస ఈరోజే మొదలుపెట్టగలిగిన చోటు నీ నోరు.

ఇన్నీ ఒకేసారి ఎత్తుకోకు. దీర్ఘకాలం, ఎడతెగకుండా, శ్రద్ధతో చేస్తేనే అభ్యాసం గట్టిపడుతుందని యోగసూత్రమే చెప్పింది. ఈ నెల ఒక్కటే పట్టు. పొద్దున నాడె పట్టేముందు నాలుగు ఊపిర్లు చూసుకో. రాత్రి పడుకోబోయేముందు జైనుల ప్రతిక్రమణంలాగా ఆ రోజు ఎవరిని నొప్పించావో గుర్తుచేసుకో. మర్నాడు దిద్దుకోగలిగింది దిద్దుకో. పూజగదిలో దీపం మానొద్దు, గుడికెళ్లడం మానొద్దు. అక్కడి శాంతం షావుకారు ముందు కూడా నిలుస్తోందా లేదా చూసుకో. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న మన వేమన పైపై ఆచారాలను ఎందుకంత ఎగతాళి చేశాడో అప్పుడు నీకే బోధపడుతుంది.

నెల తిరిగాక సాధన ఎలా సాగుతోందని నాకు రాయకు. నీతోపాటు మగ్గంలో కూర్చునే మీ నాన్ననడుగు, కండెలు చుట్టే ఆమెనడుగు. వాళ్లు చెప్పిందే నాకు రాయి, మెచ్చుకోలు కాకపోయినా సరే.

ఇట్లు,
మీ తాత