తక్కువ ఖర్చులో గేమింగ్ కంప్యూటర్ – విడిభాగాల ఎంపిక ఎలా?



మన వసతి గృహం నుంచి పాలిటెక్నిక్, డిగ్రీ, ఇంజనీరింగ్ చదువులకు వెళ్ళే వారిలో చాలామందికి సొంత కంప్యూటర్ ఉండాలని కోరిక. దానిమీద ఆటలు కూడా ఆడాలని ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. ఆటలు బాగా నడిచే కంప్యూటర్ వీడియో ఎడిటింగుకు, త్రీడీ బొమ్మలకు, ప్రాజెక్టు పనికి కూడా ఉపయోగపడుతుంది. కాని మన ఇళ్ళలో ఆ డబ్బు అమ్మానాన్నల రెక్కల కష్టం. ఒకసారి కొన్నది నాలుగైదేళ్ళు రావాలి. కాబట్టి క్యాబినెట్‌లో వెలిగే రంగుల లైట్లను చూసి కాకుండా, ఏ భాగం ఏ పని చేస్తుందో తెలుసుకుని కొనాలి. అది ఎలాగో చూద్దాం.

1. ముందు మానిటర్, తర్వాతే మిగతావి

దుకాణానికి వెళ్ళేముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోవాలి. ఏ ఆటలు ఆడతాం? ఏ మానిటర్ మీద ఆడతాం? మొత్తం ఎంత పెట్టగలం?

2020లో వచ్చిన వాలరాంట్ సాధారణ కంప్యూటర్ మీద కూడా నడుస్తుంది. అదే ఏడాది వచ్చిన సైబర్‌పంక్ 2077కు చాలా శక్తి కావాలి. మానిటర్ సంగతి లెక్క వేస్తే తెలుస్తుంది. ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో 1920 × 1080, అంటే 20,73,600 చుక్కలుంటాయి. 4కే మానిటర్‌లో 3840 × 2160, అంటే 82,94,400 చుక్కలు. సరిగ్గా నాలుగు రెట్లు! ప్రతి చుక్కకూ రంగు వేయాల్సింది గ్రాఫిక్స్ కార్డే. అందుకే తక్కువ డబ్బుతో కొనేవారికి ఫుల్ హెచ్‌డీ మానిటరే సరైనది.

2. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు – నారు, నాట్లు

ఆట కదులుతున్నట్టు కనిపించాలంటే తెరమీద వరుసగా బొమ్మలు పడాలి. సెకనుకు 60 బొమ్మలు కావాలంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం దాదాపు 16.7 మిల్లీసెకన్లు. ఆ కాస్త సమయంలో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది అనే లెక్కలు ప్రాసెసర్ చేస్తుంది. ఆ లెక్క ప్రకారం బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు.

దీన్ని వరినాట్లతో పోల్చవచ్చు. నారు తీసేవారు ఇద్దరే ఉండి నాటేవారు ఇరవై మంది ఉంటే, నాటేవారు గట్టుమీద కూర్చోవాలి. నారు కుప్పలు పడి నాటేవారు లేకపోయినా పని సాగదు. అలాగే ఖరీదైన ప్రాసెసర్ పక్కన బలహీనమైన కార్డు పెట్టినా, పెద్ద కార్డు పక్కన పాత ప్రాసెసర్ పెట్టినా ఒకదాని డబ్బు వృథా.

ఒక జత ఉదాహరణగా చూద్దాం. ఏఎండీ రైజెన్ 5 5600 ప్రాసెసర్ 2022లో వచ్చింది. దీనికి 6 కోర్లు, 12 థ్రెడ్లు. 2021లో వచ్చిన రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 కార్డుకు 8 జీబీ సొంత మెమరీ ఉంది. ఫుల్ హెచ్‌డీలో ఈ రెండూ సరిజోడీ. ఇంటెల్ వైపు కోర్ ఐ3-12100ఎఫ్ ఉంది. దీనికి 4 కోర్లు, 8 థ్రెడ్లు. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే అందులో సొంత గ్రాఫిక్స్ లేవని అర్థం. కార్డు లేకుండా తెరమీద బొమ్మే రాదు.

కార్డు మెమరీ కూడా చూడాలి. 4 జీబీ కార్డు చవకగా దొరికినా కొత్త ఆటల్లో ఇబ్బంది పెడుతుంది.

3. మదర్‌బోర్డు

ప్రాసెసర్‌కూ బోర్డుకూ సాకెట్ కలవాలి. రైజెన్ 5 5600కు ఏఎం4 సాకెట్ బోర్డు, డీడీఆర్4 ర్యామ్ కావాలి. 2022లో వచ్చిన ఏఎం5 బోర్డుల్లో డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది. ఒకదాని ర్యామ్ మరొకదానిలో ఎక్కదు. బీ450 వంటి పాత బోర్డు కొంటే, రైజెన్ 5000 వరుస ప్రాసెసర్లకు సరిపడే బయోస్ వేశారా అని అడగాలి.

4. ఎస్‌ఎంపీఎస్ – ఇక్కడ మాత్రం పిసినారితనం వద్దు

చాలామంది అన్నిటికీ ఖర్చుపెట్టి, చివర్లో క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టుకుంటారు. అది చెడిపోతే తానొక్కటే పోదు, బోర్డునూ కార్డునూ కూడా వెంట తీసుకుపోవచ్చు. వోల్టేజి ఎక్కువ తక్కువలయ్యే మన ఊళ్ళలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

లెక్క సులభం. ఆర్‌ఎక్స్ 6600కు 132 వాట్లు, ప్రాసెసర్ 65 వాట్ల తరగతి, మిగతా వాటికి ఒక 50 వాట్లు అనుకుంటే మొత్తం దాదాపు 250 వాట్లు. ఈ కార్డుకు కంపెనీ సూచించిన ఎస్‌ఎంపీఎస్ 450 వాట్లు. పేరున్న కంపెనీది, ‘80 ప్లస్ బ్రాంజ్’ గుర్తు ఉన్నది, 450 లేదా 550 వాట్లది తీసుకోవాలి. 550 అయితే రేపు కాస్త పెద్ద కార్డు వేసుకోవచ్చు. పెట్టె మీద 600 అని రాసినంత మాత్రాన పేరులేని దాన్ని నమ్మరాదు. మూడు పిన్నుల ప్లగ్గుకు ఎర్త్ పిన్ను విరిచి పెట్టే అలవాటు కూడా మానాలి.

5. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ

16 జీబీ ర్యామ్ కావాలి. ఒకే 16 జీబీ ముక్క కంటే రెండు 8 జీబీ ముక్కలు మేలు. ప్రాసెసర్‌కు రెండు దారుల్లో సమాచారం అందుతుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. కాబట్టి పాత ధరల చీటీ పట్టుకుని వెళ్ళకుండా, కొనే వారంలోనే రెండు మూడు చోట్ల అడగాలి.

విండోస్, ఆటలు ఎస్‌ఎస్‌డీలో ఉండాలి. ఒక్కో పెద్ద ఆట 100 జీబీ దాకా స్థలం తీసుకుంటుంది కనుక 500 జీబీకి తగ్గకూడదు.

6. నూరు రూపాయల పంపకం

ధరలు మారుతుంటాయి గనుక వాటాలు గుర్తుంచుకుందాం. మానిటర్ కాకుండా మన దగ్గర నూరు రూపాయలుంటే:

గ్రాఫిక్స్ కార్డు – 40
ప్రాసెసర్, మదర్‌బోర్డు కలిపి – 30
ర్యామ్, ఎస్‌ఎస్‌డీ కలిపి – 20
ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ కలిపి – 10

ర్యామ్ ధర పెరిగితే క్యాబినెట్ సోకు తగ్గించాలి, ఎస్‌ఎంపీఎస్ నాణ్యత కాదు.

7. ఒకేసారి అంత డబ్బు లేకపోతే?

విడతలుగా కొనవచ్చు. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీలో గ్రాఫిక్స్ లోపలే ఉన్నాయి. మొదట కార్డు లేకుండా దీనితో చదువూ, తేలికపాటి ఆటలూ సాగుతాయి. ఇది మామూలు ర్యామ్‌నే బొమ్మలకు కూడా వాడుకుంటుంది కనుక రెండు ముక్కల ర్యామ్ తప్పనిసరి. మంచి ఎస్‌ఎంపీఎస్ మొదటి విడతలోనే కొనాలి. ఏడాది తర్వాత స్కాలర్‌షిప్పో, సెలవుల్లో చేసిన పని డబ్బో చేతికొస్తే అప్పుడు కార్డు వేసుకోవచ్చు.

8. పాతవి కొనేవారికి

ఆఫీసుల్లో వాడి అమ్మేసిన కంప్యూటర్లు చవకగా వస్తాయి. అయితే విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్‌లో సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ కావాలి. ఇది చూడకుండా కొనరాదు. ఇలాంటి వాటిలో చిన్న ఎస్‌ఎంపీఎస్ ఉంటుంది కాబట్టి విడిగా కరెంటు వైరు అక్కరలేని కార్డు వెతకాలి. 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు 70 వాట్లతో నడుస్తుంది. బోర్డు స్లాటు నుంచే 75 వాట్ల దాకా అందుతుంది.

పాత గ్రాఫిక్స్ కార్డు అయితే కనీసం అరగంట ఆట నడిపి చూడాలి. తెరమీద గీతలు, మచ్చలు వస్తే తీసుకోవద్దు. 2022 సెప్టెంబర్‌లో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక, రాత్రింబవళ్ళు పనిచేసిన కార్డులు చాలా అమ్మకానికి వచ్చాయి.

9. దుకాణంలో

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వరుసగా కంప్యూటర్ దుకాణాలున్నాయి. అక్కడైనా, మీ జిల్లా కేంద్రంలోనైనా మొదటి దుకాణంలోనే కొనవద్దు. “ఐ7 ఉంది తమ్ముడూ, అన్నీ ఆడుతుంది” అంటే “ఏ తరం? ఏ నంబరు?” అని అడగండి. పదేళ్ళనాటి ఐ7 కంటే కొత్త ఐ3 మెరుగ్గా ఉండవచ్చు. ప్రతి భాగం మోడల్, సీరియల్ నంబర్, వారంటీ కాలం బిల్లు మీద రాయించుకోండి. బిల్లు లేకపోతే వారంటీ అడగడం కష్టం.

ఇంటికి తెచ్చాక మానిటర్ వైరును మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. లేకపోతే కొన్న కార్డు ఊరికే పడి ఉంటుంది.

మిత్రులారా! అడగడానికి సిగ్గుపడేవారికే అక్కరలేని వస్తువు అంటగడతారు. ఈ పేజీ కాగితం చింపుకొని జేబులో పెట్టుకు వెళ్ళినా ఫరవాలేదు. అడిగి, లెక్కవేసి, చూసి కొనండి. తెచ్చుకున్న కంప్యూటర్ మీద హాయిగా ఆడుకోండి, అంతకంటే బాగా చదువుకోండి. తర్వాత వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మీరూ నేర్పండి.