బీపీ పట్టీ

సూర్యాపేట



బిడ్డా, మొన్న పండుగకు వచ్చినప్పుడు ఒక మాట అన్నవు. మీ మిర్యాలగూడ మిల్లుల హమాలీకి పక్షవాతం వస్తే, "తాగి తెచ్చుకున్న రోగానికి సర్కారు ఎందుకు ఖర్చు పెట్టాలె?" అని. నలుగురి ముందర నేనేం అనలేదు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మీ తాత ఆ ఊరి మిల్లులల్లనే బస్తాలు మోసిండని నీకు తెలుసు. పక్షవాతం సంగతీ తెలుసు. నీకు చెప్పనిది ఒకటున్నది. అప్పుడు నేను కోదాడ దగ్గర పల్లెల ఏఎన్ఎంని. నా సంచిల టీకాలు, ఐరన్ గోలీలు, ఒక బీపీ మిషన్ ఉండేవి. ఆ మిషన్ గర్భిణీల కోసం. ఎంతమంది ఆడపిల్లల చేతులకు ఆ పట్టీ చుట్టిననో లెక్కలేదు. మొగోళ్ల చేతికి చుట్టాలన్న ఆలోచన నాకు రాలేదు, నన్ను అడిగినోళ్లూ లేరు. ఆదివారం ఇంటికొచ్చి తల నొస్తున్నదంటే మీ తాత నుదుటికి అమృతాంజనం రాసేదాన్ని. ఒకనాడు ఎందుకో పట్టీ చుట్టి చూసిన. పై అంకె 200 దాటింది.

ప్రైవేటు డాక్టరు గోలీలు రాసిచ్చిండు. రెండు నెలలు వేసుకున్నడు. తలనొప్పి తగ్గంగనే మానేసిండు. అది ఆయన తప్పే, దాచను. వారానికోసారి డబ్బా తీసి గోలీలు లెక్కపెట్టకపోవుడు నా తప్పు, ఊరందరికీ జాగ్రత్తలు చెప్పేదాన్ని కదా. కానీ నెలనెలా గోలీలకు పైసలు కావాలె. సర్కారు దవాఖానల ఓపీ పొద్దుగాల, మిల్లుల లోడింగూ పొద్దుగాలనే. దవాఖానకు పోతే ఆనాటి కూలీ పోతది. పని దిగినంక, దీపాలు పెట్టినంక తెరిచి ఉండేది ప్రైవేటే. అక్కడ ఫీజు ఒకటి, టెస్టులు ఒకటి. ఆయన గోలీ మానింది ఒంటి మీద పట్టింపు లేక కొంత, ఈ తిరుగుడు పడలేక కొంత.

2004ల బస్తా నెత్తిమీద ఉండంగనే కూలిపోయిండు. 108 బండ్లు ఇంకా రాలేదు, అవి 2005 ఆగస్టుల వచ్చినయి. ఆరోగ్యశ్రీ 2007ల. జీపు మాట్లాడుకొని హైదరాబాదు చేరేసరికి చీకటి పడ్డది. ప్రైవేటు దవాఖాన బిల్లుకు మన ఎకరం పోయింది. నిన్ను ఇంగ్లీషు మీడియం బడి మాన్పించింది ఆ ఏడే. మీ నాయన నీకు వేరే కారణం చెప్పి ఉంటడు.

తెచ్చుకున్న రోగమన్నవు కదా, 2020 ఏప్రిల్ యాదికున్నదా? మన సూర్యాపేటల కూరగాయల మార్కెట్ కాడ కరోనా పాకితే వాడలకు వాడలు కట్టెలతో మూసిన్రు. ఉన్నోడైనా లేనోడైనా గాంధీ దవాఖానకే. టమాటలు కొన పోయినోణ్ని ఏం తప్పు పడతం?

ఇప్పుడు ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఉన్నది, 2023 డిసెంబరుల పెంచిన్రు. అది అప్పుడుంటే ఎకరం మిగిలేదని ఎన్నిసార్లు అనుకున్ననో. అయితే ఆ కార్డు అక్కరకొచ్చేది మంచం పట్టినంకనే. కిడ్నీలు పాడైనంక డయాలసిస్ చేపిస్తది. కిడ్నీ పాడుగాకుండా చూసే బీపీ గోలీ ఊరి ఉపకేంద్రంల ఊరికే ఇస్తరు. 30 నిండిన ప్రతి మనిషికీ బీపీ, షుగరు చూడాలని ఇప్పుడు నియమం. నా సంచిల లేని బీపీ గోలీలు ఇప్పటి నర్సమ్మల సంచిల ఉన్నయి. నాకైతే ఇంతకన్నా పెద్ద మార్పు కనపడలేదు. గోలీలు అయిపోయినయి, వచ్చే నెల రా అంటే మాత్రం హమాలీ మళ్లా రాడు. వాడు రాకపోతే వాడి నిర్లక్ష్యమని రాసుకుంటరు.

మిల్లుల హాజరు పుస్తకం నీ చేతులనే ఉన్నదంటివి. ఒకనాడు పొద్దుగాల నర్సమ్మను పిలిపించు. హమాలీలకు ఒక గంట పని ఆపియ్యి, ఆ గంట కూలీ కోయకు. గోలీలు రాస్తే, నెల తిరిగినంక వాళ్లు పోయి తెచ్చుకోనీకి పూట సెలవియ్యి. ఓనరు కాదంటే నా పింఛను డబ్బుల కెల్లి ఆ కూలీ నేను పంపుత.

నీకూ మొన్న 30 నిండినయి. మొదలు నీ చెయ్యే చాపు. పై అంకెంత, కింది అంకెంత, ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పు.

మీ నాయనమ్మ