మా భైరవుడు

అనంతపురము జిల్లాలో శింగనమల యను గ్రామము కలదు. ఊరికి చేరువను కొండలును, పెద్ద చెరువును ఉన్నవి. పూర్వము శృంగి మహర్షి అచ్చట తపస్సు చేసెననియు, అందువలననే ఊరికి ఆ పేరు వచ్చెననియు పెద్దలు చెప్పుదురు. చెరువు పెద్దదే గాని, అది నిండిన సంవత్సరములు తక్కువ. ఈ సీమ పడమటి కనుమల చాటున నున్నది. నైరృతి ఋతుపవనములు ఇచ్చటికి చేరునప్పటికి వానిలోని తడి చాలవఱకు తఱిగిపోవును. తూర్పుతీరము దూరమగుటచేత ఈశాన్య ఋతుపవనములును చాలినంత వాన నీయజాలవు. ఏడాది మొత్తమున జిల్లాలో కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇట్టిచోట వేరుశనగ పంట పోయినను, గొఱ్ఱెల మంద యున్న యింటివారు ఒక పూట గంజియైన త్రాగగలరు. మా యిల్లు అట్టిది.

మాకు అరువది గొఱ్ఱెలును, ఒక కుక్కయు ఉండెను. కుక్క పేరు భైరవుడు. మేను నలుపు, ఱొమ్మున తెల్లని మచ్చ. నేను మూడేండ్ల వాడనై యున్నప్పుడు నాయన ఆ పిల్లను కంబళిలో చుట్టి యింటికి తెచ్చెనట. మా అవ్వ యెన్నడును దానిని కుక్క యని పిలువలేదు. "వాడు" అనియే అనెడిది. కనుక నేనును ఇచ్చట "వాడు" అనియే వ్రాయుదును.

వాడు మందకు కావలి. పగలు గొఱ్ఱెల వెంట కొండవాలున తిరిగెడివాడు. రాత్రి రొప్పము వాకిట పరుండెడివాడు. ఒక చలికాలపు రాత్రి రెండు తోడేళ్ళు ముండ్లకంప దాటి లోపలికి వచ్చినవి. నాయన దుడ్డుకఱ్ఱ తీసికొని చేరులోపల భైరవుడు ఒక దాని మెడ పట్టెను. తెల్లవారి చూడగా వాని చెవి చీలియుండెను. గొఱ్ఱెపిల్ల యొక్కటియు పోలేదు. ఆనాటి నుండి అవ్వ తాను తినబోవు సంగటిలో మొదటి ముద్ద వానికి పెట్టిన పిదపనే తాను తినుచుండెను.

2018వ సంవత్సరమున మా జిల్లాలో వానలు సరిగా కురియలేదు. వేరుశనగ చెట్లు జానెడు ఎదుగకమునుపే వాడిపోయినవి. మేత కరవాయెను. అట్టి యేండ్లలో మా వైపు కాపరులు మందలను తోలుకొని కర్నూలు వైపు కాలువ పారు భూములకు పోవుదురు. అచ్చటి రైతులు తమ పొలములలో మంద నిలుపుకొందురు. గొఱ్ఱెల ఎరువు వారికి లాభము. కోసిన పొలములలోని మేత గొఱ్ఱెలకు ఆధారము. మేమును అట్లే పోవలెనని నిశ్చయమాయెను. కాని ఆ సమయముననే భైరవుడు కుంటుట మొదలుపెట్టెను.

మొదట ముల్లు గ్రుచ్చుకొన్నదని తలచితిమి. నాయన పాదమును దీపము వెలుగున వెదకెను, ముల్లు లేదు. పదునైదు దినములలో ముందరి కాలు మోకాలికి పైగా వాచి గట్టిపడెను. చేయి తగిలిన వాడు మూలుగుచుండెను. మా ప్రాంతపు పశువైద్యుడు చూచి, అనంతపురములోని పెద్ద పశువైద్యశాలకు కొనిపొమ్మనెను. అచ్చట ఎక్స్‌రే తీసిరి. అది ఎముకలో పుట్టిన పుట్టకుఱుపు. దానినే క్యాన్సరు అందురు. కాలు తీసివేసిన కొన్ని కుక్కలకు నొప్పి తగ్గి, మూడు కాళ్ళతోనే కొంతకాలము సుఖముగా బ్రదుకునట. కాని భైరవుని వ్యాధి అప్పటికే ఊపిరితిత్తులకు వ్యాపించి యుండెను. వైద్యుడు నొప్పి తగ్గించు మందులు వ్రాసియిచ్చి, "వీటితో కొన్ని వారములు నడుచును. తరువాత మీరొక నిర్ణయము చేయవలసి వచ్చును" అనెను. ఆ నిర్ణయ మేమియో నాయన అడుగలేదు. ఆయనకు తెలిసినది.

పొరుగువారిలో నొకరు, "మంద బయలుదేరవలెను. ఈ కుంటికుక్క నడువలేదు. సంగటిలో ఎలుకలమందు కలిపిన ఒక్క రాత్రిలో తీరిపోవును" అని సలహా చెప్పిరి. నాయన ముఖము ఎఱ్ఱబడెను. "వాడు నడువలేకపోవుట నాకు అడ్డు. నా అడ్డు తొలగుటకు వాని ప్రాణము తీయుదునా?" అనెను. మఱునాడు మంద నంతయు మా చిన్నాయనకు అప్పగించి పంపెను; తాను ఇంట నిలిచెను. కరవు దినములలో అది చిన్న నష్టము కాదు. నాయన కూలికి పోయి తెచ్చినదే మా తిండి. అందులోనే భైరవుని మందులు.

వైద్యుడు ఈ మాట విని, "మీరు చేసినది మంచిపని. విషము పెట్టిన జంతువు గంటల తరబడి గిజగిజలాడి చచ్చును. 1960వ సంవత్సరపు జంతు హింసా నిరోధక చట్టము ప్రకారము అట్లు క్రూరముగా చంపుట నేరము" అని చెప్పెను. పిమ్మట నన్ను పిలిచి, "నీవు చదువుకొన్నవాడవు. ఒక పుస్తకములో దినమునకొక గుర్తు పెట్టుము. వాడు తినెనా, నిద్రించెనా, తనంతట లేచెనా, మిమ్ము చూచి తోక ఊపెనా? ఇవి యున్న దినము మంచిదినము. లేని దినము చెడ్డదినము. జంతువు తన బాధ చెప్పలేదు. ఊరక యుండిన నొప్పి లేదని తలపకుము. మూలకు పోయి దాగుట, నిలువలేక మాటిమాటికి చోటు మార్చుట, ఎండ లేకున్నను రొప్పుట, ఇవియే వాని మాటలు" అనెను.

నేను నా లెక్కల పుస్తకము వెనుక పుటలో గుర్తులు పెట్టసాగితిని. మొదటి వారమున చెడ్డదినములు రెండు. రెండవ వారమున నాలుగు. మూడవ వారమున ఆరు. మిగిలిన ఒక్క మంచిదినమును నేను కోరి పెట్టిన గుర్తే గాని నిజముగా మంచిది కాదు. ఆ రాత్రి దానిని కొట్టివేయుచు ఏడ్చితిని.

ఇంటిలో మాటలు పుట్టినవి. అమ్మ, "ఆ మూలుగు వినలేకున్నాను" అనెను. అవ్వ కోపించెను. "ప్రాణము పోయలేనివారికి తీయు హక్కు ఎక్కడిది? ధర్మరాజు తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకైన రానన్నాడు. మనము ఈ రొప్పమును కాచినవానిని చంపుదుమా?" అని అడిగెను. నాయన ఇద్దఱి మాటలు విని, ఏమియు అనక, భైరవుని ప్రక్కన పోయి కూర్చుండెను.

అది గాంధీ మహాత్ముని నూటయేబదియవ జయంతి సంవత్సరము. బడిలో ఆయన జీవితమును గూర్చి పాఠములు జరుగుచుండెను. నేను దిగులుగా నుండుట చూచి మా తెలుగు పంతులుగారు కారణ మడిగిరి. చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, ఈ కథ చెప్పిరి.

1928వ సంవత్సరమున అహమదాబాదు చెంతనున్న సబర్మతీ ఆశ్రమములో ఒక ఆవుదూడ తీవ్రమైన బాధలో పడియుండెను. ఘోరమైన నొప్పి లేకుండ ప్రక్కకు తిరుగుటకైన దానికి వీలు లేకుండెను. వైద్యుడు ఆశ లేదనెను. గాంధీజీ తానొక్కడే నిర్ణయింపక, ఆశ్రమములోని వారితోను, ఇరుగుపొరుగు వారితోను ఆలోచించెను. వారిలో ఒకరు మా అవ్వ యడిగిన ప్రశ్ననే అడిగిరి: సృష్టింపలేని ప్రాణమును తీయుట తగునా? స్వార్థముకొఱకు ప్రాణము తీయువానికి ఆ మాట తగునుగాని, ఇచ్చట దానికి తావు లేదని గాంధీజీ తలచెను. తుదకు వైద్యుని పిలిపించి, తాను దగ్గఱ నుండగా, సూదిమందు వేయించెను. రెండు నిమిషములలోపల దూడ బాధ తీరెను. జరిగినదానిని ఆయన దాచలేదు. తన "నవజీవన్", "యంగ్ ఇండియా" పత్రికలలో వ్రాసెను. అహింసను బోధించువాడే ఇట్లు చేసెనని అనేకులు కోపముతో ఉత్తరములు వ్రాసిరి. ఆయన వారికి జవాబు చెప్పుచు, నాలుగు నియమములు తెలిపెను. వ్యాధి నయము కానిదై యుండవలెను. సంబంధించిన వారందఱును ఆశ వదలుకొని యుండవలెను. ఏ సహాయమును, ఏ సేవయు పనికిరాని స్థితి కావలెను. బాధపడు ప్రాణి తన కోరిక తెలుపలేనిదై యుండవలెను.

"ఈ నాలుగును ఉన్నను, మనస్సులో స్వార్థము దాగియున్నదేమో వెదకుకొనవలెను" అని పంతులుగారు ముగించిరి. "మంచివారిలో కొందఱు నేటికిని గాంధీజీ చేసినది తప్పనియే తలతురు. ఇది తేలికగా తేలు విషయము కాదు. కనుకనే తేలికగా చేయరాదు."

ఆ రాత్రి దీపము ముందర ఆ నియమములు చదివి వినిపించితిని. నాయన ఒక్కొక్క దానికి తల ఊపెను. కడపట, "మంద వెళ్ళిపోయినది. నాకిక తొందర లేదు. కూలి దొరకిన దినమెల్ల వానికి మందు కొనగలను. అయినను ఆ మందు వానికి పనిచేయుట లేదు. వానిని నిలుపుకొనుట ఇప్పుడు నా కొఱకే గాని వాని కొఱకు కాదు" అనెను. అవ్వ చాలసేపు మాటాడలేదు. తరువాత, "నాకు సమ్మతము కాదు. కాని వానిని పరాయిచోట విడువకుము. చేయవలసినది మన వాకిట చేయింపుము. నీవు ప్రక్క నుండుము" అనెను.

సంక్రాంతి వెళ్ళిన నాలుగవ దినమున వైద్యుడు మా యింటికి వచ్చెను. వేపచెట్టు క్రింద కంబళి పఱచి భైరవుని పరుండబెట్టితిమి. వైద్యుడు జరుగబోవునది ముందే చెప్పెను. మొదట మత్తుమందు, దానితో వాడు గాఢముగా నిద్రపోవును. తరువాత నరములోనికి రెండవ మందు. అది మెదడును పూర్తిగా నిద్రపుచ్చి, ఊపిరిని, గుండెను ఆపును. నొప్పి తెలియదు. కన్నులు తెఱచియే యుండవచ్చును, దానికి భయపడరాదు. చూడలేనివారు లోపలికి పోవచ్చును. అది తప్పు కాదు.

అమ్మ లోపలికి పోయెను. నేను నిలిచితిని. అవ్వ సంగటి ముద్దను వాని మూతి దగ్గఱ పెట్టెను. వాడు తినలేదు గాని ఆమె వ్రేళ్ళను ఒకసారి నాకెను. నాయన వాని తలను తొడమీద పెట్టుకొని, మందను పిలుచునప్పుడు చేయు సన్నని కూతను మెల్లగా చేయుచుండెను. చీలిన చెవి కొంచెము కదలెను. మత్తు ఎక్కిన పిదప వాని ముఖమున ఎన్ని దినములుగానో లేని నెమ్మది కనబడెను. వైద్యుడు రెండవ సూది వేసి, కొంతసేపటికి గుండెపై పరికరము పెట్టి విని, "అయినది" అనెను.

ఆ మందు కళేబరములో నిలిచియుండును. దానిని తిన్న గద్దలకును, కుక్కలకును ప్రమాదము. కనుక లోతుగా పూడ్చుడని వైద్యుడు చెప్పెను. నాయనయు నేనును మా మెట్టచేలో గట్టువార నిలువులోతు గొయ్యి త్రవ్వితిమి. నేల రాయివలె నుండెను. కంబళితోనే పూడ్చి, పైన ముండ్లకంపయు రాళ్ళును పెట్టితిమి.

నాయన రెండు దినములు సరిగా అన్నము తినలేదు. "కొంచెము ముందే చేసియుండవలసినదా? ఇంకను ఆగవలసినదా?" అని తనలో తాను అనుకొనుచుండెను. నేను నా పుస్తకములోని గుర్తులు చూపితిని. ఆయనకు చదువు రాదు. కాని వరుసగా నున్న ఆ నల్లని గీతలను వ్రేలితో తడవి చూచెను. మూడవ దినమున కూలికి పోయెను. ఎండలు ముదురకమునుపే పోయి మందను కలిసికొనెను.

అవ్వ మాత్రము తన మాట మార్చుకొనలేదు. అయినను ఒకనాటి మాపు అలవాటు చొప్పున మొదటి ముద్ద తీసి వాకిటికి పోయి, అచ్చట నిలిచిపోయెను. నేను వెంట పోయితిని. "వాడు లేడు గదా అవ్వా!" అంటిని. "లేడు. కాని మీ నాయన ధర్మరాజు వలెనే వానిని విడువలేదు. అది నేను చూచితిని" అని చెప్పి, ఆ ముద్దను గోడమీద కాకులకు పెట్టెను.

బాలబాలికలారా! జంతువును పెంచుటకు పూనుకొన్నవారు దాని ఆటపాటలకే గాక, దాని ముసలితనమునకును, వ్యాధికిని, చావునకును బాధ్యులు. అట్టి దినము మీ యింటికి వచ్చినచో తొందరపడకుడు, తప్పించుకొనకుడు. వైద్యుని అడుగుడు. ఇంటివారితో ఆలోచింపుడు. మీకు కలుగు దుఃఖమును, ఆ ప్రాణి పడు బాధను వేర్వేరుగా తూచి చూడుడు. తరువాత ఏది నిర్ణయించినను, కడవఱకు దాని ప్రక్కనుండి కదలకుడు.