ధర్మనిష్ఠకు కొలత యేది?

మతనిష్ఠ, ఆధ్యాత్మికత అను రెండు మాటలను మనము ఇంచుమించు ఒకే అర్థమున వాడుచుందుము. మనస్తత్త్వ శాస్త్రజ్ఞులకు మాత్రము వాటి హద్దు నేటికిని తేలలేదు. 1902లో విలియం జేమ్స్ అను అమెరికా పండితుడు, మనుష్యుడు ఏకాంతమున దివ్యమని తాను తలచుదానితో పొందు అనుభవమునే మతముగా నిర్వచించెను. గుడి, సంఘము ఆయన లెక్కలోనికి రాలేదు. 1912లో జేమ్స్ ల్యూబా ఇట్టి నిర్వచనములను ప్రోగుచేయగా 48 తేలినవి!

ఇది పండితుల గొడవ యని తోసివేయరాదు. ఎవరైన పరిశోధకుడు ప్రశ్నల పట్టికతో మన రాబర్ట్‌సన్‌పేట అంగళ్లకు వచ్చెననుకొందము. "లోకమును దేవుడు సృష్టించెనని నమ్ముదురా?" లేదందుము. ఆ ఒక్కమాటతో జైనులందరును మతనిష్ఠ లేనివారగుదురు. "నెలకెన్నిమార్లు గుడికి పోవుదురు?" మోకాళ్ల నొప్పులతో ఇంటనే సామాయికము చేసుకొను అవ్వకు సున్న, పరపతికై నిత్యము మందిరమున కనబడు వర్తకునికి నిండు మార్కులు.

ఈ రెండవ చిక్కును గార్డన్ ఆల్‌పోర్ట్ బాగుగా పట్టెను. రాస్ అను సహచరునితో 1967లో ప్రకటించిన వ్యాసములో, మతమును వాడుకొనువారు వేరు, మతమును జీవించువారు వేరని చూపెను. అన్యజాతులపై దురభిప్రాయము మొదటివారిలోనే హెచ్చుగా కనబడినదట. వర్తకులమైన మనము చెవినిడవలసిన మాట ఇది. భక్తుడను పేరు బజారులో అప్పు పుట్టించును గదా.

మన శాస్త్రములు ఇదే భేదమును ద్రవ్యము, భావము అను మాటలతో చెప్పినవి. 48 నిమిషములు ఆసనముపై కూర్చుండుట ద్రవ్య సామాయికము. సమభావము కలిగిననే భావ సామాయికము. పూణియా శ్రావకుని కథ ఎరుగనివారుండరు. ఒకనాడు ఆయనకు సామాయికమున మనస్సు నిలువలేదు. కారణమేమని భార్యనడుగగా, తమది కాని పిడకలను పొయ్యిలో వాడితినని ఆమె చెప్పెను. ప్రశ్నల పట్టికలో ఆనాటి సామాయికమును ఒక్కటే, ముందునాటిదియు ఒక్కటే. మన గనుల సంగతియు ఇంతే. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలిడినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడువరకు, పైకి తెచ్చిన రాతిని పరీక్షించిననే గాని టన్నుకు బంగారమెంతో తేలెడిది కాదు.

అట్లని లోపలిదే సర్వమనుటయు నాకు సమ్మతము కాదు. 1997లో అమెరికాలో 346 మందిని విచారింపగా, నూటికి 74 మంది తాము మతనిష్ఠయు ఆధ్యాత్మికతయు రెండును కలవారమనిరి. ఆధ్యాత్మికత మాత్రమే కలదన్నవారు 19 మంది. వారి మాటను వారే చెప్పుకొనిరి, పరీక్షించినవారు లేరు. తత్త్వార్థ సూత్రము దర్శన జ్ఞానములతోపాటు చారిత్రమును చేర్చినది. అంతటితో ఆగక అచౌర్య వ్రతమునకు కలుగు అతిచారములలో తప్పుడు తూనికను, కొలతను పేర్కొన్నది. ఇది చూడదగినది, లెక్కింపదగినది. కోలారు జిల్లాలో మన ధర్మనిష్ఠను కొలువదలచినవారు ఈ ప్రశ్నను తమ పట్టికలో చేర్చవలెను. దాని ఉత్తరమును మాత్రము తక్కెడ పట్టిన మనలనుగాక, మన అంగట నగ తాకట్టు పెట్టినవారిని అడుగవలెను.